కుంకుమ కింద అంకె

బాలనర్సింహచారి ఏ నంబరైనా ఒక్కసారి రాసి ఊరుకోడు. ముందు అంకెల్లో రాస్తాడు, పక్కనే అక్షరాల్లో రాస్తాడు. గ్యాసు బండ నంబరైనా అంతే, కరెంటు మీటరు నంబరైనా అంతే. అంగన్‌వాడీలో ఆయాగా పనిచేసే భార్య యాదలక్ష్మి ఆధార్ కార్డు వెనక కాగితం అంటించి, పన్నెండు అంకెలూ తెలుగులో రాసిపెట్టాడు. "ఈయనకు అంకెల మీద నమ్మకం లేదు, అంకెలకు ఈయన మీద నమ్మకం లేదు" అని ఆమె ఎకసెక్కెమాడుతుంది.

ఆ అలవాటు ఊరికే రాలేదు. దెబ్బలతో వచ్చింది.

చారి తండ్రి ఇబ్రహీంపట్నం పక్క పల్లెలో నాగళ్లు చెక్కేవాడు. కొడుకును పదహారో ఏట హైదరాబాద్‌లో ఒక తుపాకుల దుకాణంలో పెట్టాడు. అక్కడి ఉస్తాద్ పద్నాలుగేళ్లు పని నేర్పి, ఇక పో అన్నాడు. చారి మరమ్మతు లైసెన్సు తెచ్చుకుని ఇబ్రహీంపట్నం బస్టాండు వెనక చిన్న దుకాణం తెరిచాడు. అప్పట్లో మక్కచేన్ల మీద అడవిపందులు పడేవి. పది ఊళ్లకు పదిహేను మంది దగ్గర పంట కాపలా తుపాకులు ఉండేవి. అడవిలోని నక్సలైట్ అన్నలు రాత్రిపూట వచ్చి ఆ తుపాకులే ఎత్తుకుపోయేవాళ్లు. అందుకని పోలీసుల కన్ను ప్రతి తుపాకి మీదా, దాన్ని ముట్టిన ప్రతి చేతి మీదా ఉండేది.

అలాంటి రోజుల్లో చారి తన రిజిస్టరులో ఒక తుపాకి నంబరు రాస్తూ ఏడు బదులు ఒకటి వేశాడు. అదే తుపాకి ఆర్నెల్లకు అడవిలో దొరికింది. చారిని జిల్లాలోని ఒక ఠాణాలో మూడు రోజులు ఉంచారు. మూడో రోజు అసలు రైతు అసలు కాగితం పట్టుకుని వస్తే వదిలేశారు. పోతుంటే ఒక జమాన్, అంటే పోలీసు జవాను, "అంకె సక్కగ రాయి" అన్నాడు. అంతే, అదే క్షమాపణ. ఎడమచేతి చిటికెన వేలు అప్పుడు వంగింది, మళ్లీ తిన్నగా కాలేదు.

ఆ తర్వాత చారి తనకు తానే ఒక చట్టం రాసుకున్నాడు. ఇనుముకు నూనె, కట్టెకు ఆకురాయి. తుపాకిలో గొట్టం, బోల్టు, బోల్టు నడిచే పెట్టె, ఈ మూడూ సర్కారు లెక్కలో ఉన్నవి. చేతిలో రాతపూర్వక అనుమతి లేకుండా వాటిని తుడవడం, నూనె పెట్టడం తప్ప ఇంకేం చెయ్యడు. కట్టె మాత్రం తనది. భుజానికి ఆనే ఆ కట్టెను ఈ పనిలో కుందా అంటారు. కుందా చెక్కడంలో చారికి సాటి వచ్చేవాడు చుట్టుపక్కల లేడని అనేవాళ్లు. చివరికొచ్చేసరికి చుట్టుపక్కల ఇంకెవడూ మిగల్లేదు గనుక ఆ మాటకు విలువ కూడా పోయింది.

చేన్లు ప్లాట్లయ్యాయి. పంది తిరిగినచోట వెంచర్ బోర్డులు లేచాయి. కాపలాకు పంట లేనప్పుడు తుపాకి ఎందుకు? ముసలి రైతులు పోయారు, కొడుకులు తుపాకులు ఠాణాలో అప్పజెప్పి భూమి కాగితాల వెంట పడ్డారు. ఎన్నికలు వచ్చినప్పుడల్లా మిగిలినవి కూడా ఠాణా చేరేవి, చారి షట్టరు నెలల తరబడి పడే ఉండేది. అరవయ్యో ఏడు వచ్చేసరికి అతనికి మిగిలింది ఒక్కటే, గోడకు అద్దం కట్టించి వేలాడదీసిన లైసెన్సు. పని ఉన్నా లేకపోయినా పొద్దున్నే తొమ్మిదింటికి ఇస్త్రీ చొక్కా వేసుకుని దాని కింద కూర్చునేవాడు.

"దేవుని పటానికి దండేస్తవో లేదో గని, దానికి దుమ్ము మాత్రం పట్టనియ్యవు" అనేది యాదలక్ష్మి.

"దేవుడు రెన్యువలు అడగడు. ఇది అడుగుతది" అనేవాడు చారి.

ఆ వానాకాలం తుర్కయాంజాల్ నుంచి ఇద్దరు వచ్చారు. తండ్రి వెంకటసుబ్బారావు, బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. కోస్తా నుంచి వచ్చి ఇరవై ఏళ్లుగా అక్కడే స్థిరపడ్డాడు. కూతురు భావనకు పంతొమ్మిదేళ్లు, రైఫిల్ షూటింగ్ ఆడుతుంది. పొట్టి పిల్ల. చేతిలో తాళం వేసిన పొడవాటి పెట్టె, దాని మీద కాగితాల కట్ట.

పెట్టెలో జర్మనీ రైఫిలు. ఒక పెద్ద ఆటగాడు ఆట మానేస్తుంటే అన్ని అనుమతులతో ఈ పిల్ల పేరుకు మార్చుకున్నారు. ఆ ఆటగాడు ఆరడుగుల మనిషి. కుందా అతని కొలతకు చేసింది.

"కోచ్ ఏమో నీ చెయ్యి పొట్టి అంటున్నాడు అంకుల్" అంది భావన. "నేనేమో తుపాకి పొడుగు అంటున్నా."

"ఇద్దరిదీ నిజమే బిడ్డా. శెయ్యిని కొయ్యలేం గద, కట్టెను జూద్దాం."

"కొత్త కుందా జర్మనీ నుంచి తెప్పించాలంటే మళ్లీ పర్మిషన్లు, ఏడు నెలలు పడుతుందన్నారండి. రాష్ట్ర జట్టు ఎంపిక దసరా అయిన ఎనిమిదో రోజే" అన్నాడు తండ్రి.

చారి కాగితాలన్నీ చదివాడు. పెదాలు కదుపుతూ రెండుసార్లు చదివాడు. తర్వాత రైఫిలు బయటికి తీసి, బోల్టు పెట్టె పక్కన చదునుగా ఉన్నచోట చెక్కిన నంబరు మీద భూతద్దం పెట్టాడు. రిజిస్టరులో 4170238 అని రాసి, పక్కన నాలుగు, ఒకటి, ఏడు, సున్నా, రెండు, మూడు, ఎనిమిది అని రాశాడు. మూడుసార్లు సరిచూశాడు.

"చారిగారూ, బ్యాంకులో నేను కూడా ఇంత చూడలేదండి" అని నవ్వాడు వెంకటసుబ్బారావు.

"బ్యాంకుల తప్పు వోతే కొట్టరు సార్."

భావనను నిలబెట్టి మోచేతి మడత నుంచి వేలి కొస దాకా కొలిచాడు. అట్టముక్కలు కట్టిన పాత కుందా ఇచ్చి, కళ్లు మూసుకుని భుజానికి ఎత్తుకోమన్నాడు. ఎత్తాక కళ్లు తెరవమన్నాడు. చూపు ఎక్కడ పడిందో చూసి ఒక అట్ట తీశాడు. మళ్లీ మూయమన్నాడు. అలా నలభై సార్లు.

"టైలర్ దగ్గరికి వచ్చినట్టుందండి" అన్నాడు తండ్రి.

"టైలరు తప్పు గుడ్తే ఇప్పి గుడ్తడు. కట్టె ఇప్పరాదు."

దుకాణంలో ఒక జిట్రేగి చెక్క, రోజ్‌వుడ్ అంటారే అది, ఉండేది. దొర గడీ కూలగొట్టినప్పుడు తెచ్చుకున్న తలుపు ముక్క. మంచి పనికని పాతికేళ్లు దాచాడు, ఆ మంచి పని రాలేదు. ఇప్పుడు దింపాడు. జర్మనీ కుందాను ముట్టకుండా గుడ్డలో చుట్టి, దానికో చీటీ కట్టి తండ్రికి అప్పజెప్పాడు. విప్పిన ప్రతి మరమేకునూ రిజిస్టరులో రాశాడు. కొత్త కుందా ఇరవై రెండు రోజులు చెక్కాడు. భావన వారానికి రెండుసార్లు వచ్చి భుజానికి ఆనించి చూసేది. రోజూ పని కాగానే రైఫిలు పెట్టెలోకి, పెట్టె ఇనుప బీరువాలోకి పోయేది. దసరాకు నాలుగు రోజుల ముందు పని పూర్తయింది. పిల్ల కళ్లు మూసుకుని ఎత్తింది, తెరిచింది, కదలకుండా అలాగే ఉండిపోయింది.

"అంకుల్, ఇది నాది" అంది.

చారి ముక్కు చీదుకుని నూనె గుడ్డ కోసం వెతికాడు.

పోయేముందు వెంకటసుబ్బారావు అడిగాడు: "దసరా పూజలో పెట్టుకోవచ్చాండీ?"

"పెట్టుండ్రి సార్. ఆయుధమే గద."

ఆ ఒక్క మాటే అన్నాడు. ఆయుధ పూజ రోజు చారి కూడా పనిముట్లన్నిటికీ బొట్టు పెడతాడు. కానీ తుపాకి ఉంటే కట్టెకే పెడతాడు, ఇనుముకు పెట్టడు. ఆ మధ్యాహ్నమే తుడిచి నూనె రాస్తాడు. ఇది అందరికీ తెలిసిందే అనుకున్నాడు. తుపాకి కొత్తగా వచ్చిన ఇంటికి ఎలా తెలుస్తుంది? ఆ సంగతి అప్పుడు తట్టలేదు.

వెంకటసుబ్బారావు భక్తిగా చేశాడు. కారుకు, ఫ్రిజ్జుకు, కంప్యూటరుకు బొట్టు పెట్టి, చివరికి రైఫిలు దగ్గరికి వచ్చాడు. కట్టె గుండ్రంగా ఉంది. గొట్టం ఇంకా గుండ్రంగా ఉంది. బొట్టు నిలిచే చదునైన జాగా ఒక్కటే కనబడింది, నంబరు చెక్కిన చోటు. అక్కడ గంధం రాసి, నిమ్మకాయ కోసి, కుంకుమ అద్ది, ఆ చెక్కను గట్టిగా ఒత్తాడు. హారతి ఇచ్చాడు. రైఫిలును పెట్టెలో పెట్టి, పెట్టెను బీరువాలో పెట్టి తాళం వేసి, అందరూ విజయవాడ అమ్మవారి దర్శనానికి పోయారు. ఐదు రోజులకు వచ్చారు. స్పాంజి పెట్టెలో నిమ్మరసం ఐదు రోజులూ దాని పని అది చేసుకుంది.

ఆరో రోజు తండ్రీకూతుళ్లు చారి దుకాణంలో ఉన్నారు.

"చిన్న తుప్పు మచ్చండి. కొంచెం తుడిచి ఇవ్వండి. ఎల్లుండి పోటీలో సామాను చూస్తారు, నంబరు కాగితంతో సరిచూస్తారు" అన్నాడు వెంకటసుబ్బారావు. కూర్చోలేదు. ఫోన్లో టైము చూసుకుంటున్నాడు.

ఎండిన కుంకుమ కింద ఇనుము ఎర్రగా పొక్కింది. చారి నూనె పోసి మెత్తటి గుడ్డతో రుద్దాడు. కుంకుమ పోయింది, తుప్పు పోలేదు. పావుగంట ఆగి మళ్లీ రుద్దాడు. భావన స్టూలు మీద కూర్చుని గోళ్లు కొరుక్కుంటోంది. తన చేతి పని పక్కన, అద్దంలా మెరిసే జిట్రేగి పక్కన, ఆ ఎర్రమచ్చ చారి కంట్లో నలుసులా పొడిచింది. రేపు ఎవరైనా చూస్తే ఇది ఇబ్రహీంపట్నం చారి పని అంటారు.

సొరుగు లాగి అతి మెత్తటి ఎమ్రీ పేపరు తీశాడు. కట్టెకు చివరి నునుపు తెచ్చే పేపరది. ముప్పై ఏళ్లలో అది ఇనుము మీదికి పోలేదు. ఆ రోజు పోయింది. రెండు రుద్దులు. మూడోది లేదు.

గుడ్డతో తుడిచి చూశాడు. తుప్పు పోయింది. తుప్పు ఎంత లోపలికి తిన్నదో, ఎమ్రీ అంత పొర ఎత్తుకుపోయింది. ఆరు అంకెలు ఉన్నాయి. ఏడోది లేదు. భూతద్దం పెడితే మూడో, ఎనిమిదో తెలియని ఒక నీడ. బల్బు దగ్గరికి పట్టుకున్నాడు. బయట ఎండలోకి తెచ్చాడు. ఎక్కడ చూసినా నీడే.

"ఏమైందండీ?"

"ఎనిమిది పోయింది సార్."

వెంకటసుబ్బారావు వచ్చి చూశాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "రిజిస్టరులో ఎనిమిదని ఉందిగా. అక్షరాల్లో కూడా రాశారు. మీ దగ్గర నంబరు పంచులు కనబడుతున్నాయి. ఒక్క దెబ్బ. ఉన్న అంకేగా వేసేది, లేనిది కాదుగా."

ఇనుము మీద అంకెలు కొట్టే పంచుల డబ్బా అలమరలోనే ఉంది. చారి దానివైపు చూశాడు. చూడలేదని అబద్ధం చెప్పలేం. ఎనిమిది అచ్చు ఎక్కడుందో కళ్లు మూసుకుని తీయగలడు.

"గొట్టిన అంకె గొట్టినట్టే కనబడ్తది. ఫ్యాక్టరీల చెక్కింది వేరె. నంబరు చెరిపితే ఒక తప్పు, మళ్ల గొడితే ఇంకో తప్పు. నేనైతే గొట్ట."

"అయితే ఇట్లనే తీసుకుపోతా అంకుల్" అంది భావన. "ఆరు అంకెలున్నాయిగా. అడిగితే చెప్తా."

"పోరాదు బిడ్డా. నంబరు చెరిగిన తుపాకి ఎవరి శేతిల ఉంటే వాళ్లే చెరిపినట్టు లెక్క. కాదని నువ్వు రుజువు జెయ్యాలె. ఈ గడప దాటితే అది నీ మెడకు పడ్తది."

"మీ దగ్గర ఉంచితే?"

"నా మెడకు."

వెంకటసుబ్బారావు మొహం ఎర్రబడింది. "గీకింది మీరు. పసుపు కుంకుమ పెడితే నంబరు పోతుందా ఎక్కడన్నా?"

"అవ్ సార్. గీకింది నేనే."

అంత తేలిగ్గా ఒప్పుకుంటాడని ఆ పెద్దమనిషి అనుకోలేదు. కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కుర్చీలో కూలబడ్డాడు. కొంతసేపటికి అసలు మాట బయటికి వచ్చింది. ఆయుధాన్ని జాగ్రత్తగా ఉంచుతానని భావన సంతకం పెట్టింది. నిమ్మకాయ సంగతి రాస్తే అది అజాగ్రత్త. అనుమతి పోతుంది, ఆట పోతుంది, రేపు పాస్‌పోర్టుకైనా ఈ కేసు అడ్డం వస్తుంది. "చారిగారూ, చేతులు పట్టుకుంటాను. మీ చేతిలో జరిగిందనే రాయండి. పూజ సంగతి వద్దు. అది ఆడపిల్ల, పంతొమ్మిదేళ్లు."

"నాన్నా, ఆయనకేమవుతుంది?" అంది భావన.

"నువ్వూరుకో."

చారి తన వంగిన చిటికెన వేలిని చూసుకున్నాడు. మూడు రోజులు గుర్తొచ్చాయి. పెట్టుండ్రి సార్ అన్న తన మాట కూడా గుర్తొచ్చింది. తుడవమని చెప్పకపోవడమూ గుర్తొచ్చింది. అద్దంలోని లైసెన్సు వైపు మాత్రం చూడలేదు. రిజిస్టరు తెరిచి రాశాడు: మచ్చ తొలగించుటకు ఎమ్రీ పేపరుతో రుద్దగా నంబరులో చివరి అంకె ఎనిమిది చెరిగినది. నా చేతి తప్పు.

తుప్పు అని రాయలేదు. కుంకుమ అని రాయలేదు. ముప్పై ఏళ్ల రిజిస్టరులో సగం నిజం పడ్డ పేజీ అదొక్కటే.

ముగ్గురూ కలిసి ఠాణాకు పోయారు. అక్కడ కాగితాలు రాసే రైటరు కొండల్ అనే కానిస్టేబులు. ఎన్నికలప్పుడల్లా తుపాకులు జమ చేసుకునేవాడు అతనే, చారిని ఎరుగును. రిజిస్టరు చదివి పెన్ను కింద పెట్టాడు.

"చారన్నా, ఇట్లెవడన్న రాస్తడా? తుప్పుండె, తుడిస్తే పోయిందని రాయి. నీది బతుకుతది."

చారి వెనక బల్ల మీద భావన తల వంచుకుని కూర్చుంది. ఆమె తండ్రి గోడ మీద నోటీసు చదువుతున్నట్టు నిలబడ్డాడు.

"రాసింది రాసిన కొండల్. నంబరు మాత్రం అక్షరాలల్ల గూడ ఎక్కియ్యి. ఆఖరిది ఎనిమిది, కనబడకున్నా."

కొండల్ ఒక్కో భాగం జాబితా రాశాడు. గొట్టం, బోల్టు, పెట్టె. "కట్టె?" అన్నాడు.

"కట్టె తుపాకి గాదు."

"తుపాకికి ఉన్నంతసేపు తుపాకే అన్నా" అని కొండల్ దాన్ని కూడా రాసుకున్నాడు. జిట్రేగి కుందాతో సహా రైఫిలు, పట్టుకున్న సామాను దాచే మాల్ గదిలోకి పోయింది. సాయంత్రానికి చారి దుకాణానికి సీలు పడింది. అద్దం పటాన్ని కూడా దించి తీసుకుపోయారు. గోడ మీద దాని జాగాలో తెల్లటి చతురస్రం మిగిలింది.

రెండు రోజుల తర్వాత పోటీలో భావన షూటింగ్ రేంజి వాళ్ల రైఫిలుతో కాల్చింది. అదీ ఆరడుగుల మనిషి కొలతే. జట్టులోకి రాలేదు.

"కుంకుమ వెట్టిన్రని రాస్తే ఏం వోతుండె నీ సొమ్ము?" అని యాదలక్ష్మి నాలుగు నెలలు అడిగింది. "దేవునికి చేసిన పనేనాయె. దొంగతనమా?"

"పిల్ల మీదికి వోతదే."

"ఇప్పుడెవరి మీదికి వొయ్యింది? పిల్లకు ఆట రాకపాయె, నీకు దుకాణం లేకపాయె."

ఐదో నెలలో విచారణకు పిలిచారు. లైసెన్సు అధికారి చెడ్డవాడు కాదు, తొందర మనిషి. ల్యాబు రిపోర్టు తిరగేశాడు. పాత అంకె ఎనిమిదేనని, కొత్తగా కొట్టిన గుర్తులు లేవని అందులో ఉంది. లోహం మీద పులుపు తిన్న ఆనవాళ్లు ఉన్నాయని ఇంకో వాక్యం కూడా ఉంది.

"పెద్దాయనా, ముప్పై ఏళ్లు మీ మీద ఒక్క మాట లేదు. తుప్పు పట్టి చెరిగిందంటే ప్రమాదం అని రాసి హెచ్చరికతో వదిలేస్తాను. ఊరికే గీకారంటే అది కావాలని చేసినట్టు. ఈ పులుపు ఎక్కడిది?"

సాక్షిగా పిలిచిన వెంకటసుబ్బారావు రెండు కుర్చీల అవతల ఉన్నాడు. కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. ఒక అద్దం తుడిచాడు. రెండో అద్దం తుడిచాడు. మళ్లీ మొదటిది తుడిచాడు.

చారి ఆగాడు. ఆ మనిషి నోరు తెరిస్తే చాలు. తెరవలేదు.

"రాసింది రాసిన సార్" అన్నాడు చారి.

అధికారి ఒక నిమిషం చూసి సంతకం పెట్టాడు. లైసెన్సు రద్దు.

బయట మెట్ల దగ్గర వెంకటసుబ్బారావు పట్టుకున్నాడు. "కారుంది, దింపుతాను రండి. మీ మేలు ఈ జన్మలో మరిచిపోనండి."

"మరువుండ్రి సార్. గా నిమ్మకాయ సంగతి మాత్రం యాదుంచుకోండ్రి. ఇనుము మీద పెట్టకుండ్రి. పెడ్తే గా పూటకే తుడువుండ్రి."

ఎల్.బి. నగర్ దాకా నడిచి, అక్కడ ఇబ్రహీంపట్నం బస్సెక్కాడు. తుర్కయాంజాల్ దాటింది. బొంగులూరు గేటు దాటింది. ఇంట్లో యాదలక్ష్మి అతని మొహం చూసి అన్నం పెట్టింది. మరునాడు పొద్దున చారి ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. తొమ్మిదయింది. గడప మీద కూర్చుని చెప్పులు తొడుక్కుని, ఒక్కటొక్కటిగా మళ్లీ విప్పాడు.